గుంతకు అయిదు షాట్లు

ఆ ఉదయం సీనియర్ విలేఖరిగారు కాఫీ కలుపుతున్న భార్యను అయిదు రకాలుగా వీడియో తీశారు. చేతులు, ముఖం, దూరం నుంచి, భుజం వెనక నుంచి, చివరికి స్టూలెక్కి పైనుంచి.

"పెళ్ళిలో కూడా నన్నిన్నిసార్లు చూళ్ళేదు మీరు," అందావిడ.

"నవ్వకే. సాయంత్రానికి వీడియో ఇవ్వకపోతే రేపట్నుంచి చిన్న ప్రకటనల పేజీకి తోసేస్తానన్నాడు ఎడిటర్."

జీవితమంతా పెన్నుతో నెట్టుకొచ్చిన మనిషి. కెమెరా శిక్షణలో ఆయన తలకెక్కిందొక్కటే: పని ఏదైనా అయిదు షాట్లు ఉండాలి. ఉన్నది ఒకే కెమెరా కాబట్టి పనినే అయిదుసార్లు చేయించాలన్నది మాత్రం ఆయన సొంత తెలివి.

బజారు మలుపులో రోడ్ల ఇంజనీరు దగ్గరుండి గుంత పూడ్పిస్తున్నాడు. కెమెరా చూడగానే చొక్కా సర్దుకుని పార అందుకున్నాడు. తారు పోశారు, చదును చేశారు.

"బ్రహ్మాండం సార్! ఇప్పుడు చేతులు తీయాలి. మళ్ళీ తవ్వించండి."

"ముఖం కూడా పడుతుందిగా?"

"అది తర్వాతి షాటండీ."

ముఖం పడుతుందంటే ఇంజనీరు రోడ్డంతా తవ్వించేలా ఉన్నాడు. తవ్వారు, పూడ్చారు, మళ్ళీ తవ్వారు.

"అయ్యా, తవ్వినప్పుడల్లా గుంత పెద్దదవుతోంది," అని మేస్త్రి మొత్తుకున్నాడు.

"కానీవయ్యా, ఫ్రేము నిండుతుంది," అన్నారు విలేఖరిగారు.

చివరి షాటుకి పార స్వయంగా ఇంజనీరే వేశాడు. నీళ్ళ పైపు పగిలింది. ఆయన జారి నడుం దాకా గుంతలో దిగబడ్డాడు.

"కదలకండి సార్! కోణం అదిరింది!"

ఆఫీసులో వీడియోలు కూర్చే అమ్మాయికి ఈ గొడవేమీ తెలియదు. వాటిని తీసిన వరసలోనే అతికించింది. చక్కగా పూడ్చిన రోడ్డును ఇంజనీరు పట్టపగలు పదేపదే తవ్వించి, ఆఖరికి తనే పైపు పగలగొట్టడం సాయంత్రానికల్లా ఊరంతా చూసింది. పైవాళ్ళు ఇంజనీరును ఇంటికి పంపారు.

ఎడిటర్ కబురు పెట్టేసరికి విలేఖరిగారు ప్రకటనల పేజీకి సిద్ధపడే వెళ్ళారు.

"ఏం పరిశోధనయ్యా! రేపట్నుంచి కెమెరా పాఠాలు నువ్వే చెప్పాలి."

"అది... నేనే తవ్వించానండీ."

"ఆ మాట ఇంకెక్కడా అనకు."

పాపం ఇంజనీరు గుర్తొచ్చి విలేఖరిగారి మనసు చివుక్కుమంది. ప్రకటనల పేజీ గుర్తొచ్చి ఊరుకున్నారు.

కొత్త ఇంజనీరు వస్తూనే విలేఖరిగారికి కబురంపాడు: కెమెరా ఇంట్లోనే ఉంచుకుంటే వారి వీధికి కొత్త రోడ్డు వేయిస్తానని.