పేర్లాయనా, పలికే పెట్టే

ఆ ఉదయం పేర్లాయన వేసుకున్న పథకం చిన్నదే. కంపెనీ కొత్తగా తయారుచేసిన మాట్లాడే పెట్టెను రకరకాల పేర్లతో పిలవాలి. దేనికి పలికితే ఆ పేరు మేనేజరు చెవిన వెయ్యాలి. మధ్యాహ్నంలోగా పేరు తేలకపోతే ఉద్యోగానికి నీళ్ళొదులుకోవడమే. వస్తువులకు పేర్లు పెట్టీ పెట్టీ ఆఫీసులో ఆయనకు పేర్లాయన అన్న పిలుపు స్థిరపడింది గానీ, సొంత పేరు ఎవరికీ గుర్తులేదు.

"ఇంట్లో ఎవరెలా పిలుస్తున్నారో, ఎవరెలా పలుకుతున్నారో విని తనే నేర్చుకుంటుంది సార్. పేరు కుదిరాక చెబితే లైట్లూ, స్టవ్వూ కూడా తనే ఆపుతుంది," అన్నాడు పెట్టె అప్పగించిన ఇంజనీరు. నిన్నటి నుంచీ అది పేర్లాయన ఇంటి హాల్లో కూర్చుని వింటూనే ఉంది.

"చిలకా!" అన్నాడు పేర్లాయన. పెట్టె ఉలకలేదు. "తారా! మిత్రా!" గొంతు బొంగురుపోయింది గానీ పెట్టె పలకలేదు.

"ఏమండీ, పాలు పొంగుతాయి, కాస్త స్టవ్ ఆపండి!" పెరట్లో బట్టలారేస్తూ భార్య కేకేసింది.

"ఆఁ, వస్తున్నా!"

ఆ మాట అనడమే తప్ప కుర్చీలోంచి లేవడం పేర్లాయన ఇంటా వంటా లేదు. కానీ ఈసారి ఆయన నోరే తెరవలేదు.

పాలు పొంగి వంటింటి గట్టంతా పారాయి.

"వస్తున్నానన్నారుగా!" భార్య విరుచుకుపడింది.

"నేననలేదే!"

"మీ గొంతు నాకు తెలీదా? కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ వింటున్నా!"

కూతుర్ని చూడ్డానికొచ్చిన అత్తగారు పెట్టెకేసి చూస్తూ మెల్లిగా అన్నారు. "అల్లుడుగారి పెదవులు కదల్లేదే అమ్మాయ్."

భార్య పెట్టె ముందు నిలబడి, భయంభయంగా, "ఏమండీ?" అంది.

"ఆఁ," అంది పెట్టె, అచ్చం ఆయన గొంతుతో, విసుగుతో సహా.

అంతలో మేనేజరు ఫోను. కంగారులో పేర్లాయన స్పీకరు నొక్కేశాడు. "ఏవయ్యా, పేరేంటి?"

పేర్లాయన ఆలోచిస్తుండగానే పెట్టె అందుకుంది. "'ఏమండీ' అని పెడదాం సార్. ఇళ్ళల్లో అందరికీ అలవాటైన పిలుపు."

"అద్భుతం!"

"సార్, అన్నది నేను కాదు, పెట్టె!"

"దాని పేరు అదే పెట్టుకుందా? అయితే ఇంక నువ్వెందుకయ్యా?" మేనేజరు ఫోను పెట్టేశాడు.

పేర్లాయన కూలబడ్డాడు. నిజంగానే ఏడుపొచ్చింది. ఉద్యోగం పోయింది సరే, ఇంట్లో ఉన్న ఒక్క పిలుపూ పోయింది.

భార్య మిగిలిన పాలు మళ్ళీ స్టవ్ మీద పెట్టొచ్చి పక్కన కూర్చుంది. "పోనీండి, ఇంకో ఉద్యోగం దొరక్కపోదు." అంతలో పాల వాసన ముక్కుకు తగిలింది. అలవాటుగా, "ఏమండీ, స్టవ్!" అంది.

పేర్లాయన నోరు తెరిచేలోగా, "ఆఁ, ఆపేశా," అంది పెట్టె. ఎవరూ లేని వంటింట్లో స్టవ్ టిక్కుమని ఆగింది.

పిలిచిన పిలుపుకు పని జరగడం ఆవిడ కాపురంలో అదే మొదటిసారి.