బొద్దోడికి నివాళి

ఆ ఉదయం పరిశోధకురాలు వేసుకున్న పథకం చాలా సులువైనది. పది గంటలకు నిపుణుల బృందం వస్తుంది. బొద్దోడికి స్కానింగ్ చేస్తారు. కాలేయం శుభ్రంగా ఉంటే, మూడేళ్లుగా ఆవిడ నెత్తికెత్తుకున్న పరిశోధన నిలబడుతుంది. లేదంటే ఆ సాయంత్రమే ప్రయోగశాలకు తాళం పడుతుంది.

బొద్దోడు మనిషి కాదు. ఉడత జాతివాడే కానీ పిల్లి అంత ఉంటాడు. చలి ప్రాంతాల్లో బొరియలు తవ్వుకుని బతికే వుడ్‌చక్. ఈ జాతికొక హెపటైటిస్ వైరస్ ఉంది, పట్టుకుందంటే కాలేయ క్యాన్సర్ దాకా వదలదు. ఆ వైరస్‌లో ఎక్స్ అనే జన్యువొకటి పెద్దాడపడుచులా పెత్తనం చేస్తూ, మిగతా జన్యువులు ఎప్పుడు లేవాలో ఎప్పుడు పడుకోవాలో చూస్తుంటుంది. క్యాన్సర్‌కు మూలం ఆ పెత్తనమేనని ఆవిడ వాదం. అందుకే ఎక్స్ నోరు మూయించిన వైరస్‌ను బొద్దోడికి ఎక్కించింది.

అతిథులకు చెమట పట్టకూడదని డైరెక్టర్ రెండు రోజులుగా ఏసీని గడ్డకట్టేంత చల్లగా పెట్టించాడు. స్కానింగ్ కోసమని బొద్దోడిని పస్తుంచారు. ప్రశాంతంగా ఉంటాడని దీపాలు కూడా ఆర్పేశారు. తీరా ఆవిడ బోను తెరిచేసరికి వాడు ఉండచుట్టుకుని పడి ఉన్నాడు. ఒళ్లంతా మంచుముద్ద.

"ఓరి నాయనో! నా కొంప ముంచావు కదరా!" అని గొల్లుమంది.

పశువైద్యుడు వచ్చి, గుండె మీద కాసేపు చెయ్యి పెట్టి, పెదవి విరిచాడు. డైరెక్టర్ ఆయాసపడుతూ వచ్చాడు.

"క్యాన్సరేనంటారా?"

"అదే అయ్యుంటుంది సార్," అన్నాడు పశువైద్యుడు.

"నేను మొదట్నించీ మొత్తుకుంటూనే ఉన్నా, ఆ ఎక్స్‌ని తీసేస్తే ఒరిగేదేం లేదని!" అన్నాడాయన. మొన్నటిదాకా ఆ ఆలోచన తనదేనని అందరికీ చెప్పుకున్న పెద్దమనిషి.

ఆవిడ భర్తకు ఫోన్ చేసి బావురుమంది.

"ఊరుకో, ఇంకోదాన్ని కొనిపెడతాలే," అన్నాడతను. దాంతో ఏడుపు రెట్టింపైంది.

ఇంతలో నిపుణులు రానే వచ్చారు. డైరెక్టర్ వాళ్లను సరాసరి శవపరీక్ష గదిలోకి నడిపించాడు. బొద్దోడిని బల్ల మీద పడుకోబెట్టి, పైన పెద్ద దీపం వెలిగించారు. పశువైద్యుడు కత్తి తీశాడు.

"ఆగండి డాక్టరు గారూ! విజ్ఞానం కోసం ప్రాణాలర్పించిన ఈ మూగజీవికి మౌనం పాటిద్దాం," అన్నాడు డైరెక్టర్.

అందరూ తలలు వంచి నిలబడ్డారు. దీపం వేడికి గదిలో ఉక్కపోస్తోంది. మౌనం మధ్యలో ఎవరో ఆవులించారు. డైరెక్టర్ గుడ్లురిమి చూశాడు. నిపుణులు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మళ్లీ ఆవులింత, ఈసారి బల్ల మీంచి.

"బతికే ఉన్నాడు!" అంటూ పశువైద్యుడు కత్తి జారవిడిచాడు.

చలి, చీకటి, ఖాళీ కడుపు మూడూ కలిసేసరికి చలికాలం వచ్చేసిందనుకుని బొద్దోడు తన జాతి అలవాటు ప్రకారం దీర్ఘనిద్రకు పోయాడు. జన్యువుల మీద గంటలకొద్దీ ఉపన్యాసాలిచ్చే ఆ భవనంలో ఈ సంగతి ఒక్కరికీ తట్టలేదు. ఒళ్లు పూర్తిగా వేడెక్కాక స్కానింగ్ చేశారు. కాలేయం మీద మచ్చ లేదు. పరిశోధకురాలు ఈసారి సంతోషంతో ఏడ్చింది.

"మావాడే!" అంటూ డైరెక్టర్ ఫొటో కోసం బొద్దోడి తల నిమిరాడు. రెండు రోజుల పస్తు మీదున్న బొద్దోడు ఆ వేలు కసుక్కున కొరికాడు.

"అమ్మో! ఆ వైరస్ నాకంటుకుంటుందా?"

"మనుషులకు అంటదు సార్," అంది పరిశోధకురాలు.

"ఒకవేళ అంటితే? క్యాన్సర్ గానీ..."

"అంటినా అందులో ఎక్స్ పనిచెయ్యదు కదా సార్. నా వాదం నిజమైతే మీకేం కాదు."

"నిజమే! నూటికి నూరుపాళ్లు నిజం! రాసుకోండయ్యా!" అని డైరెక్టర్ నిపుణుల మీద అరిచాడు.

ఆ వాదాన్ని మనస్ఫూర్తిగా నమ్మిన మొదటి మనిషి ఆయనే.