తలుపు ఎవరి పూచీ

ఆ ఉదయం వడ్రంగి వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదింటికి బడిలో తల్లిదండ్రుల సంఘం సమావేశం. లేచి ఒక్క మాట చెప్పడం, పదింటికల్లా పనిలో పడడం. అందుకే పనిముట్ల సంచీ భుజాన వేసుకునే బయల్దేరాడు.

"అక్కడ పెద్దవాళ్లుంటారు. నోరు కాస్త అదుపులో పెట్టుకోరా," అంది తల్లి.

"ఒక్క మాటేనమ్మా."

ఆ మాట వెనక ఒక నీళ్ల సీసా ఉంది. నాలుగో తరగతి చదివే కూతురు దాన్ని పొద్దున నిండుగా తీసుకెళ్లి, సాయంత్రం నిండుగానే తెచ్చేది. తాగితే వెళ్లాల్సి వస్తుంది. ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకు లోపల గడియ లేదు. ఆయాకు తీరికైనప్పుడు మాత్రం ఆ తలుపుకు కాలు అడ్డం పెట్టి, పిల్లకు సిగ్గేయకుండా అటు తిరిగి, ఏదో కూనిరాగం తీస్తూ నిలబడేదట.

సమావేశం ప్రధానోపాధ్యాయురాలి గదిలో. ఫ్లెక్సీలు ముద్రించే కార్యదర్శి రెండో కప్పు టీ ముగించి, సంఘం నిధితో బడి ముందు ఆర్చి కట్టిద్దామన్నాడు. దాని మీద సభ్యుల పేర్లుంటాయట.

వడ్రంగి లేచాడు. "ఆర్చి వద్దండి. ముందు మరుగుదొడ్డికి గడియ కావాలి."

"దానిదేముంది, సంఘమే కొంటుంది."

"సంఘం కొనకూడదండి."

"ఇప్పుడు నువ్వేగా కావాలన్నావు?"

"బడి వేయించాలంటున్నా. మరమ్మతుల నిధి బడికి వేరే ఉంది. ఇవాళ తలుపు మనం బాగుచేయిస్తే రేపు కప్పు కూడా మనల్నే వేయమంటారు. మన నిధి పిల్లల పుస్తకాలకీ ఆటలకీ ఉండాలి."

కూలి అడగలేక నసుగుతున్నాడనుకున్నాడు సంఘంలోని మందుల షాపాయన. "నీ కూలి కూడా ఇప్పిస్తాంలేవయ్యా."

"నాకు కూలొద్దు."

"ఉచితంగానే చేస్తాడట," అంది ప్రధానోపాధ్యాయురాలు. అందరూ చప్పట్లు కొట్టారు. గడియ వడ్రంగి విరాళమనీ, ఆర్చి మీద మొదటి పేరు అతనిదేననీ కార్యదర్శి తీర్మానాల పుస్తకంలో రాసేశాడు.

"ఆ పేరు కొట్టేయండి," అన్నాడు వడ్రంగి. చప్పట్లలో ఎవరికీ వినపడలేదు. విసురుగా బయటికి నడిచి తలుపు దభాలున లాగాడు. ఆ విసురుకు బయటి గొళ్లెం దానంతటదే పడి, తుప్పు పట్టిన కొక్కెంలో బిగుసుకుపోయింది. అతనే కంగారుపడి రెండు చేతులా లాగాడు. కదల్లేదు.

లోపల పదకొండు మంది. కిటికీకి ఊచలు. ఊచల మధ్య కార్యదర్శి మొహం. ఆ మొహంలో రెండు కప్పుల టీ స్పష్టంగా కనిపిస్తోంది.

"తియ్యవయ్యా బాబూ."

"రావట్లేదండి. కోయాల్సిందే." వడ్రంగి సంచీలోంచి ఇనుము కోసే రంపం తీశాడు. గొళ్లెం మీద ఆనించి, ఆగాడు. "మేడంగారూ, ఈ మరమ్మతు ఎవరి పూచీ? సంఘానిదా, బడిదా?"

"బడి తలుపు బడిదే కదయ్యా. ముందు కొయ్యి."

"ఆ ముక్కే కాగితం మీద రాసివ్వండి. 'బడి తలుపులన్నీ' అని."

"అన్నీ ఎందుకు?"

"రాసెయ్యండి మేడం, ఏం రాయమంటే అది రాయండి," అన్నాడు కార్యదర్శి, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ.

ముద్రతో సహా కాగితం ఊచల్లోంచి వచ్చింది. వడ్రంగి రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని, అప్పుడు కోశాడు.

తలుపు తెరుచుకోవడమే ఆలస్యం, కార్యదర్శి పరుగందుకున్నాడు. అన్నిటికన్నా దగ్గరున్నది ఆడపిల్లల మరుగుదొడ్డే. పిల్లలంతా తరగతుల్లో ఉన్నారు. ఆయా ఏమీ అడక్కుండా తలుపుకు కాలు అడ్డం పెట్టి, అటు తిరిగి, కూనిరాగం అందుకుంది.

ఆర్చి తీర్మానాన్ని కార్యదర్శి లోపలి నుంచే ఉపసంహరించుకున్నాడు.