ఊరికొక లాంబోర్గిని

...లాంబోర్గినిదీ ఒక ట్రాక్టరు మనిషి కథే కదా, అనుకున్నాడు వరప్రసాదం. బోర్డు మీద ‘కంపెనీ పాలన’ అని రాసి, సుద్దముక్క చేతిలో అట్లాగే పెట్టుకుని కిటికీలోంచి రోడ్డు చూస్తున్నాడు. యుద్ధం అయ్యాక మిగిలిన మిలిటరీ బండ్ల సామానుతో ట్రాక్టర్లు చేసి అమ్ముకున్న రైతుబిడ్డ. నాలుగు డబ్బులొచ్చాక మోజుపడి వేరే కంపెనీ స్పోర్ట్స్ కారు కొన్నాడు. క్లచ్ సతాయించింది. కారు చేసిన పెద్దమనిషికి చెప్పుకోబోతే, ట్రాక్టర్లు తోలేవాడివి, కార్ల సంగతి నీకేం తెలుసు పొమ్మన్నాడట. నిజమో కాదో గానీ అందరూ చెప్పేది ఇదే. ఆ మాట గుచ్చుకుని 1963లో సొంత ఫ్యాక్టరీ పెట్టాడు. ఆ కార్లను కదిలించేది పెట్రోలు కాదు, అవమానం! ఈ వాక్యం బాగుంది. ఉపన్యాసంలో పెట్టాలి.

ఎనిమిదో తరగతి పిల్లలు ఈలోగా వెనక బెంచీలో పెళ్ళి బాజా మొదలుపెట్టారు.

పాఠకులు ఇక్కడ ఒక సత్యాన్ని ఒప్పుకోవాలి. ఈ దేశంలో ఊరికొక లాంబోర్గిని కావాలి. కొనక్కర్లేదు, అద్దెకైనా చాలు. ఏడాదికి ఒక్క పూట ఊళ్ళోకి వచ్చి పోతే చాలు. ప్రణాళికలూ పథకాలూ చెయ్యలేని పని ఆ కారు చేసి చూపిస్తుంది. నమ్మకం లేదా? అయితే ఆత్మకూరు నుంచి ఉదయగిరి పోయే రోడ్డు మీద వరప్రసాదం పనిచేసే ఊరికి రండి.

ఆ ఊళ్ళో కంకర క్వారీ, టిప్పర్లు ఉన్న కొండలయ్య తన కొడుకు పెళ్ళి ఊరేగింపుకి బెంగళూరు నుంచి నిమ్మపండు రంగు లాంబోర్గిని అద్దెకి మాట్లాడాడు. మాట్లాడి, నేరుగా హైస్కూలుకి వచ్చి సోషల్ టీచర్ వరప్రసాదాన్ని బయటికి పిలిచాడు.

“సార్, జనానికి కారు కనపడతాది గానీ దాని వాల్యూ కనపడదు గదా. హిస్టరీ సారు మీరుండంగా ఇంకెవర్ని అడిగేది? ఆ కారు పుట్టుపూర్వోత్తరాలు ఒక పది నిమిషాలు మైకులో చెప్పాల.”

ఇరవై రెండేళ్ళ సర్వీసులో హిస్టరీ చెప్పమని వరప్రసాదాన్ని ఎవరైనా బతిమాలడం అదే మొదలు. ఒంటరి మనిషి. ఇంట్లో అతని మాట వినేది గోడ గడియారం, బళ్ళో వినేది మొదటి బెంచీ, అదీ పరీక్షల నెలలో. అలాంటి మనిషికి పది నిమిషాల మైకు దొరికితే లోపల ఏమవుతుందో మనస్తత్వశాస్త్రంలో ఏదో పేరుండే ఉంటుంది. ఊళ్ళో మాత్రం దాన్ని ఉబ్బు అంటారు.

వారం రోజులు చదివాడు. 1964లో వచ్చిన మొదటి మోడల్ 350 జీటీ. ఇంజను డ్రైవరు వీపు వెనక అడ్డంగా పెట్టిన మియురా. తలుపులు పక్కకి కాకుండా కత్తెరలాగా పైకి లేచే కౌంటాష్. చివరికి అన్నీ అమ్మేసి, ద్రాక్షతోట వేసుకుని వ్యవసాయానికి తిరిగిపోయిన యజమాని. ఆ తర్వాత దివాలా, చేతులు మారడం, ఆఖరికి జర్మనీ వాళ్ళ చేతికి రావడం. కంపెనీ పాలన గురించి ఏనాడైనా ఇంత శ్రద్ధగా చదివాడా?

కారు మీది ఎద్దు బొమ్మ మాత్రం ఊళ్ళో పేచీ తెచ్చింది. సంతలో పళ్ళూ సుడులూ చూసి ఎడ్ల బేరం తెగ్గొట్టే గురుస్వామి, వరప్రసాదం ఫోనులో ఆ బొమ్మని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“మూపురం లేదు. తల దించి, కొమ్ములు ముందుకి పెట్టుండాది. ఇది పొడిచే గొడ్డు సార్. దీన్ని కట్టుకున్నోడెవుడూ బాగుపడలా.”

యజమానిది వృషభరాశి, అందుకే ఎద్దుని పెట్టుకున్నాడని వరప్రసాదం సర్దిచెప్పాడు. రాశి చూసి పెట్టినాడంటే మనోడేనని గురుస్వామి శాంతించాడు.

ఇక అసలు మహిమ చూడండి. ఆ కారు కడుపు నేలకి నాలుగైదు అంగుళాల ఎత్తులోనే ఉంటుంది. పన్నెండేళ్ళుగా ఆ రోడ్డులో గుంతలున్నాయి. ఒక గుంతకి బస్సు డ్రైవర్లు పేరు కూడా పెట్టుకున్నారు. నొప్పులొచ్చి ఆత్మకూరు ఆసుపత్రికి బయల్దేరిన ఆడకూతురు, దారిలోనే కని, బిడ్డతో సహా అదే ఆటోలో వెనక్కి రావడం ఆ వైపు మామూలు! అర్జీలకి, ధర్నాలకి, రెండు ఎలక్షన్లకి చలించని ఆ గుంతలన్నీ ఇటలీ కారు కడుపుకి జడిసి మూడు రోజుల్లో పూడిపోయాయి. కొండలయ్య కంకర, కొండలయ్య తారు, కొండలయ్య మనుషులు. ఇంతకంటే అభివృద్ధి ఏ పార్టీ చేసింది?

నాలుగో రోజు పని హైస్కూలు గేటు దగ్గరికి వచ్చింది. అక్కడ స్పీడు బ్రేకరుంది.

రెండేళ్ళ కిందట బడి వదిలిన వేళకి ఒక లారీ వచ్చి నజ్నీన్ అనే ఆరో తరగతి పిల్ల కాలు విరగ్గొట్టింది. ఆ పిల్ల ఇప్పటికీ ఒక పక్కకి ఒరిగి నడుస్తుంది. అప్పుడు వరప్రసాదం పదకొండు అర్జీలు రాశాడు. పన్నెండోది రాయబోతుంటే ఊరివాళ్ళకే విసుగొచ్చి, ఒక ఆదివారం చర్చి అయ్యాక మగవాళ్ళంతా చేరి బ్రేకరు వేసేశారు. అప్పటినుంచి ఆ గేటు ముందు ఏ పిల్లకీ దెబ్బ తగల్లేదు.

టిప్పరు డ్రైవరు శాంతికుమార్ గునపం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఒక్క రోజే సార్, కారు కడుపు తగలతాదంట, పెళ్ళయిన తెల్లారే మళ్ళీ వేయిస్తానని పక్కనే ఉన్న కొండలయ్య అన్నాడు. ఊరంతటికీ ఆ బ్రేకరు వరప్రసాదం సారుదే. ఆయన సరేనంటే పగలగొట్టినా ఎవరూ అడగరు.

మనిషి లోపల ఒక కోర్టు ఉంటుందంటారు. ఆ రోజు వరప్రసాదం కోర్టులో జడ్జిగారు సెలవు. వద్దని చెప్పాలని అతనికి తెలుసు. చొక్కా జేబులో మడత పెట్టిన ఉపన్యాసం గుండెకి వెచ్చగా తగులుతోందనీ తెలుసు. తీరా నోరు తెరిస్తే వచ్చిన మాట వేరు.

“మైకు యాడ పెడతా ఉండారు?”

శాంతికుమార్ గునపం ఎత్తాడు.

ఊరేగింపు బ్రహ్మాండంగా జరిగింది. కారులో ఉండేవి రెండే సీట్లు. స్టీరింగు ఎవరికీ ఇవ్వనని బెంగళూరు మనిషి కూర్చున్నాడు, పక్కన పెళ్ళికొడుకు కూర్చున్నాడు, పెళ్ళికూతురు వెనక బొలెరోలో వచ్చింది. గంటకి మూడొందల కిలోమీటర్లు పోగల బండి డప్పుల వెనక నడక వేగంతో పోయింది. అవమానం వాక్యానికి చప్పట్లు పడ్డాయి. కొండలయ్య స్వయంగా శాలువా కప్పాడు. ఆ రాత్రి వరప్రసాదం శాలువా కప్పుకునే నిద్రపోయాడు.

తెల్లారింది. కారు పోయింది. రోడ్డు నున్నగా మిగిలింది.

నున్నటి రోడ్డు మీద ఊరు ఊరంతా లాంబోర్గిని అయిపోయింది! ఆటోలు ఆత్మకూరుకి సగం టైములో పోతున్నాయి. లారీలు హారన్ మీద చెయ్యి తీయడం లేదు. బ్రేకరు సంగతేమిటని వరప్రసాదం మూడుసార్లు కొండలయ్య ఇంటికి వెళ్ళాడు. మొదటిసారి కాఫీ ఇచ్చారు. రెండోసారి ఆయన స్నానానికి పోయాడన్నారు. మూడోసారి కొండలయ్యే బయటికి వచ్చి, రోడ్డు గవర్నమెంటుది గదా సార్, ఒక అర్జీ పెట్టుకోండి అన్నాడు.

పెళ్ళయిన నాలుగో రోజు సాయంత్రం నజ్నీన్ తల్లి జరీనా గేటు దగ్గర కనిపించింది. ఇన్నాళ్ళూ బడికి రాని మనిషి, ఇప్పుడు రోజూ వచ్చి కూతుర్ని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తోంది. గొంతు పెంచకుండా అడిగింది.

“కారు హిస్టరీ అంతా చెప్పినారంట గదా సార్. మా పిల్ల కాలు హిస్టరీ గూడా ఒక్క ముక్క చెప్పుంటే పోయేది గదా.”



పాఠకులారా, ఊరికొక లాంబోర్గిని కావాలన్న వాదనలో ఇప్పటికీ తప్పేమీ లేదు. కారు కోసం రోడ్డు మూడు రోజుల్లో బాగుపడింది, అందరూ చూశారు. మనుషుల కోసం ఎన్నాళ్ళకి బాగుపడుతుందన్నది మాత్రం ఆ వాదనలో లేదు.

మర్నాడు సాయంత్రం నాలుగున్నర కావస్తుండగా కొండలయ్య టిప్పరు ఒకటి కంకర లోడుతో వచ్చింది. వరప్రసాదం గేటు దాటి వచ్చి చెయ్యి అడ్డం పెట్టాడు. శాంతికుమార్ బ్రేకు తొక్కి తల బయటికి పెట్టాడు. ఇక్కడ కొంచెం కంకర దించమన్నాడు వరప్రసాదం, బ్రేకరు వెయ్యాలని.

“మళ్ళా కారొస్తా ఉండాదా సార్?”

అవునంటే చాలు, దించేస్తాడు. ఆ అబద్ధం వరప్రసాదం నాలుక చివరిదాకా వచ్చింది.

“రాదు. నాలుగున్నరకి పిల్లలొస్తారు.”

శాంతికుమార్ చెడ్డవాడు కాదు. అతని మేనకోడలూ ఆ బళ్ళోనే చదువుతోంది.

“కారుకైతే కొండలయ్యన్న చెప్పినాడు సార్. పిల్లలకైతే నాకు ఆర్డర్ లేదు.”

లోపల బడి వదిలే లాంగ్ బెల్ మోగింది. టిప్పరు వెనక ఒక లారీ హారన్ కొడుతోంది. వరప్రసాదం కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. చెప్పులు విప్పి రోడ్డు పక్కన పెట్టాడు. బ్రేకరు ఉండిన చోటు చూసుకుని, ఆ నున్నటి తారు మీద అడ్డంగా పడుకున్నాడు.