సగటున 6.755 నిమిషాలు

“ఇకపై ఈ నగరంలో ఏ గుమ్మం ముందుకైనా అంబులెన్స్ పది నిమిషాల్లో వచ్చి తీరుతుంది. పదకొండో నిమిషాన్ని ఈ క్షణం నుంచి రద్దు చేస్తున్నాను!”

ఆరోగ్య మంత్రిగారు ఇలా ప్రకటించినప్పుడు నేను వేదిక వెనకే ఉన్నాను. వారి పేషీలో టైపిస్టుని. ఆయన అన్నవి ప్రెస్ నోట్‌గానూ, అనకూడనివి అన్నప్పుడు ఖండనగానూ టైపు చేయడం నా ఉద్యోగం.

చప్పట్లు ఆగాక మంత్రిగారు కారెక్కుతూ, ప్రస్తుతం అంబులెన్స్ ఎన్ని నిమిషాల్లో వస్తోందో కనుక్కోమన్నారు. ప్రకటించక ముందే కనుక్కోవడం చిన్నాచితకా నాయకులు చేసే పని.

మర్నాడు గణాంకాల విభాగం నుంచి ఒక అసిస్టెంటమ్మ ఫైలు పట్టుకుని వచ్చింది. నది అవతల ఐదో జోన్‌లో ఉంటుంది. రెండు బస్సులు మారి రావాలి కాబట్టి చీర కుచ్చిళ్ళు నలిగి ఉన్నాయి, అంకెలు మాత్రం నలగలేదు.

“ఒకటో జోన్‌లో 4.2 నిమిషాలు సార్. రెండులో 5.6. మూడులో 3.8. నాలుగులో 6.4.”

“శభాష్! ఐదులో?”

“41.5 సార్.”

మంత్రిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. “పాయింట్ పక్కకి జరిగినట్టుందమ్మా. 4.15 ఏమో సరిగ్గా చూడు.”

“జరగలేదు సార్. నది అవతల ఒక్క అంబులెన్సూ లేదు. ఇవతలి నుంచి వంతెన దాటి రావాలి. వంతెన నిండా లారీలు.”

“సరే, అన్నీ కలిపితే?”

“ఐదూ కూడితే 61.5. ఐదుతో భాగిస్తే 12.3. కానీ అది అసలు సగటు కాదు సార్.”

“నాకూ అదే అనుమానంగా ఉంది,” అన్నారు మంత్రిగారు ఆశగా.

“రోజుకి వంద ఫోన్లు వస్తే అందులో అరవై ఫోన్లు ఐదో జోన్‌వే. మిగతా నాలుగింటి నుంచి తలా పది. ఎక్కువ మంది పిలిచే చోటుకి వెయిటేజీ ఎక్కువ ఇవ్వాలి. అలా కడితే 26.9 వస్తుంది.”

మంత్రిగారు కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు.

“అవతల ఒక్క అంబులెన్స్ పెట్టించండి సార్,” అందామె. “ఈ 41.5లో మా నాన్నది కూడా ఉంది. ఆయనకి 52.3 పట్టింది.”

“అయ్యో! ఇప్పుడెలా ఉన్నారు?”

“లేరు సార్.”

మంత్రిగారు చలించిపోయారు. నిలబడి ఒక నిమిషం మౌనం పాటించారు. కచ్చితంగా చెప్పాలంటే 0.4 నిమిషం. తర్వాత ఆమెని ఓదార్చారు. “పోనీలేమ్మా, ఇకమీదట ఆ అంకె మళ్ళీ రాదుగా.”

ఆమె ఫైలు మూసి వెళ్ళబోతుంటే మంత్రిగారి ముఖం ఉన్నట్టుండి వెలిగింది. “ఇందాక వెయిటేజీ అన్నావు చూడు, అది ఎవరిస్తారు?”

“ఎవరూ ఇవ్వరు సార్. ఎన్ని ఫోన్లు వస్తే అంత...”

“ఎవరూ ఇవ్వకపోతే మేం ఎందుకున్నాం?”

ఆ మధ్యాహ్నమే డైరెక్టరుగారి అధ్యక్షతన కమిటీ కూర్చుంది. మంత్రిగారి ఇల్లున్న ఒకటో జోన్‌కు 0.25 ఇచ్చారు. పెద్ద అధికారుల క్వార్టర్లున్న రెండుకు 0.25. పెద్దాస్పత్రి ఉన్న మూడుకు, ఆస్పత్రికి గౌరవంగా, 0.25. దుకాణాల వాళ్ళు నొచ్చుకోకూడదని నాలుగుకు 0.20. అన్నీ కలిపితే ఒకటి కావాలని ఎవరో గుర్తు చేశారు.

“మిగిలిన ఆ 0.05 ఐదో జోన్‌కి ఇచ్చేయండి,” అన్నారు మంత్రిగారు. “మనం ఎవర్నీ వదిలెయ్యం.”

సగటు 6.755 వచ్చింది. “6.8 అని రౌండ్ చేద్దామా సార్?” అన్నారు డైరెక్టరుగారు.

“పిచ్చి పని చెయ్యకండి. 6.8 అంటే ఉజ్జాయింపు అంటారు. పాయింట్ తర్వాత మూడు అంకెలుంటే స్టాప్‌వాచ్ పట్టుకుని కొలిచారనుకుంటారు.”

ఇరవై ఏళ్ళుగా టైపు చేస్తున్నాను. గణితం మీద ఇంత పట్టున్న మనిషిని చూడలేదు. నగరమంతా హోర్డింగులు లేచాయి. అసిస్టెంటమ్మ ఫైలు కూడా తిరిగొచ్చింది. మీద డైరెక్టరుగారి ఎర్ర సిరా: “సగటు 6.755 ఉండగా అదనపు అంబులెన్స్ అవసరం కనబడదు.”

ఏడాది తిరిగేసరికి పైనుంచి తనిఖీ బృందం దిగింది. దాని నాయకురాలు ఒక పెద్దావిడ. టీ కూడా ముట్టకుండా, “వెయిటేజీలు మీ ఇష్టం వచ్చినట్టు వేస్తే కుదరదు. ఎక్కడి నుంచి ఎన్ని ఫోన్లు వచ్చాయో దాన్నిబట్టే కట్టాలి. నా ఎదురుగా కట్టండి,” అంది.

డైరెక్టరుగారికి హఠాత్తుగా దగ్గు వచ్చింది. మంత్రిగారు కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నారు. అసిస్టెంటమ్మని పిలిపించారు. ఆమె రిజిస్టరు తెరిచి కిందటి నెల పేజీలు తిప్పింది.

“నాలుగు జోన్లలో నిమిషాలు మారలేదు మేడమ్. ఫోన్లూ మారలేదు, రోజుకి తలా పదే. అంటే నలభై ఫోన్లకి కలిపి 200 నిమిషాలు.” ఇంకో పేజీ తిప్పింది. “ఐదో జోన్ నుంచి... సున్నా.”

“రోజుకా?”

“నెలకి మేడమ్. 200ని 40తో భాగిస్తే 5.0.”

మంత్రిగారు లేచి నిలబడ్డారు. “చూశారా! 6.755 అని చెప్పి ఇన్నాళ్ళూ నాకు నేనే అన్యాయం చేసుకున్నాను.”

“సున్నా ఎందుకైంది?” అనడిగింది పెద్దావిడ.

“పిలవడం మానేశారు మేడమ్. ఒకాయనకి కూరగాయల వ్యాన్ ఉంది. అందులో తీసుకెళ్తున్నారు.”

పెద్దావిడ తన ఫారాన్ని పైనుంచి కిందికి, మళ్ళీ కిందినుంచి పైకి చూసింది. “కారణం రాయడానికి ఇందులో గడి లేదు,” అని 5.0 వేసి సంతకం పెట్టింది.

నెలంతా ఒక్క ఫోనూ రాలేదంటే అక్కడ ఎవరికీ జబ్బు చెయ్యలేదనే కదా. కాబట్టి ఐదో జోన్‌ను ‘రోగరహిత జోన్’గా ప్రకటించాలని మంత్రిగారు నిర్ణయించారు. శిలాఫలకం చెక్కించి, ఆ తర్వాతి సోమవారం పదకొండు గంటలకి నది అవతల సభ పెట్టించారు. ట్రాఫిక్ పోలీసులు లారీల్ని ఆపి దారిచ్చినా మేం చేరడానికి చాలాసేపే పట్టింది. దీనికి సగటు కట్టలేదు.

ఎండ మాడ్చేస్తోంది. మంత్రిగారు మైకు ముందు, “ఈ గడ్డ మీద జబ్బు అనేది...” అంటూ ఆగారు. ఎడమ భుజం పట్టుకున్నారు. చెమటలు ధారలు కట్టాయి. మెల్లగా శిలాఫలకానికి ఆనుకుని కూలబడ్డారు.

పీఏ ఫోన్ తీశాడు. “అంబులెన్స్‌కి చేస్తున్నా సార్!”

మంత్రిగారు అతని మణికట్టు పట్టుకున్నారు. “వద్దు... చెయ్యొద్దు.”

మేమంతా నిర్ఘాంతపోయాం. ప్రాణం మీదికి వచ్చినా ఆయనకి సగటు మీదే ధ్యాస! ఒక్క ఫోన్ నమోదైతే 241.5ని 41తో భాగించాలని, 5.89 అవుతుందని నేను అప్పటికే మనసులో కట్టుకున్నాను. పీఏ కళ్ళు తుడుచుకుంటూ, “మీ త్యాగం మాకెవరికీ రాదు సార్,” అన్నాడు.

“త్యాగం తగలెయ్య,” అన్నారు మంత్రిగారు, ఊపిరి అందక. “ఆ వ్యాను... కూరగాయల వ్యాను పిలవరా!”

పీఏకి ఆ నంబరు తెలియదు. సభకొచ్చిన అసిస్టెంటమ్మకి నోటికే వచ్చు. మూడు నిమిషాల్లో వ్యాన్ వచ్చింది. డ్రైవరు టమాటా పెట్టెలు కిందికి దించి, గోనెపట్టా పరిచాడు. “కాళ్ళు కాస్త ముడుచుకోండి సార్. అందరూ అలాగే పడుకుంటారు.” ఆమె కూడా ఎక్కి, ఆయన తల అటూ ఇటూ కొట్టుకోకుండా ఆస్పత్రి దాకా రెండు చేతులా పట్టుకుంది. ఇంకో పావుగంట ఆలస్యమైతే దక్కేవారు కాదన్నారు డాక్టర్లు.

మర్నాటి ప్రెస్ నోట్ నేనే టైపు చేశాను.

“ఆరోగ్య మంత్రిగారు స్వల్ప అస్వస్థత నుంచి కోలుకుంటున్నారు. రోగరహిత ఐదో జోన్ నుంచి నిన్న కూడా అంబులెన్స్ కోసం ఫోన్లేవీ రాలేదు. సగటు 5.0 వద్ద నిలకడగా ఉంది.”