ఫిర్యాదు రాని కేబుల్

"ఇకపై మన సర్వర్లో తప్పు జరిగితే ముందు నాకే తెలుస్తుంది!" అని ఆరోగ్య మంత్రిగారు ప్రకటించారు. తప్పు తనకు తెలియాలని కోరుకున్న మంత్రి అంతకుముందు లేరు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది.

తెలుసుకునే పని మానిటరింగ్ అమ్మాయికి అప్పగించారు. ఆపరేషన్ దరఖాస్తులన్నీ చేరే సర్వర్‌ని ఆమె ఎస్ఎన్ఎంపీ అనే పద్ధతిలో మాటిమాటికీ అడుగుతుంది: నీ దగ్గరికొచ్చే దారిలో ఎన్ని ఎర్రర్లు? సర్వర్ చెప్పిన జవాబు మంత్రిగారి గదిలో తెర మీద పడుతుంది. కొత్త ఎర్రరుంటే ఎరుపు, లేకుంటే పచ్చ.

మొదటి రోజే తెర ఎర్రబడింది. అమ్మాయి పరుగెత్తింది.

"సార్, కేబుల్ పాడైంది. దరఖాస్తులు దారిలోనే పోతున్నాయి. మా పెద్దమ్మ కంటి ఆపరేషన్‌ది కూడా చేరలేదు. ఇంకా ఆలస్యమైతే చూపు దక్కదన్నారు సార్."

"కేబుల్ వేసిందెవరు?"

"మీ బావమరిదిగారు."

"అయితే మంచి కేబులే. కంగారుపడకు, అదే సర్దుకుంటుంది."

మంత్రిగారి మాట వమ్ము కాలేదు. కేబుల్ చివికేకొద్దీ తెర మీద ఎరుపు తగ్గుతూ వచ్చింది. నెల తిరిగేసరికి అంతా పచ్చ! అమ్మాయి మళ్ళీ పరుగెత్తింది.

"సార్, మన ప్రశ్న వెళ్ళేదీ, జవాబు వచ్చేదీ ఆ కేబుల్ మీదే. అదిప్పుడు పూర్తిగా పోయింది. సర్వర్ నోరే విప్పట్లేదు."

"మరి తెర పచ్చగా ఉందే?"

"జవాబు రాకపోతే పచ్చ చూపించమని మీ ఆఫీసువాళ్ళే చెప్పారు సార్."

"అంటే కేబుల్ మీద ఫిర్యాదు లేదు."

"రావడానికి దారి లేదు సార్!"

"లేదుగా!" అని మంత్రిగారు పీఏ వైపు తిరిగారు. "రాసుకో. ఈ నెల ఆపరేషన్ కావాలని అడిగినవాళ్ళు కూడా ఒక్కరూ లేరు. దేశమంతా ఆరోగ్యంగా ఉంది."

బావమరిదికి పతకం ఇచ్చే సభ పెట్టారు. జనం చాలక, సిబ్బంది ఇంటికొకరిని తేవాలన్నారు. అమ్మాయి పెద్దమ్మను చెయ్యి పట్టుకుని తెచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టింది. వేదిక మీద ఆ తెర ధగధగలాడుతోంది.

"అక్కడేముందే?" అంది పెద్దమ్మ.

"పచ్చ రంగు, పెద్దమ్మా."

"మొత్తమా?"

"మొత్తం." అమ్మాయికి ఏడుపొచ్చింది.

"నాకేమో అంతా నల్లగా ఉంది," అని పెద్దమ్మ సిగ్గుపడింది. "లోపం నా కళ్ళదేలే. పెద్దాయనతో అనకు, నొచ్చుకుంటాడు."

అని అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది.