అంకె కాని తూము

కర్నూలు రాజధాని అయిన కొత్తలో తాలూకా ఆఫీసులో నేను చేసిన పని చెబితే మీరు నవ్వుతారు. పల్లెల నుంచి వచ్చే పంటల కాగితాల్లో దిగుబడి ఎంత అన్నచోట అంకె ఉందో లేదో చూడటం. "ఏదో పండింది" అనో, "దేవుడి దయ" అనో రాసి ఉంటే తిప్పి పంపాలి. ఆ కరువు ఏడాది పొద్దస్తమానం తిప్పి పంపడమే. మెడ పట్టేసేది.

ఇంటికొస్తే మా ఆవిడ ఉరుకుందమ్మ. "కూటికి ఎంతసేపు?" అంటే "అయినంతసేపు" అంటుంది. విసుగెత్తి ఒకనాడు చెప్పేశాను.

"ఇంగ ఈ ఇంట్లో ఎంత అని అడిగితే అంకే చెప్పాల. వేరేది చెల్లదు."

"అట్లే కానీలే" అంది. అంత సులువుగా ఒప్పుకున్నప్పుడే నాకు అనుమానం రావలసింది.

మా చేను సాగుచేసేది ఆమె తమ్ముడు బసవరాజు. ఏటా మా వంతు పది తూముల జొన్నలు కొలిచి, మిగిలినవి తన బండిలో తీసుకుపోతాడు. ఈసారి "పిల్లోళ్లు శానామంది, ఒక తూము ఇడిసిపెట్టు బావా" అన్నాడు. కుదరదన్నాను. నాకు మాత్రం కరువు కాదా? అక్కాతమ్ముళ్లు కొలతలో ఏమైనా చేస్తారేమోనని ఆదివారం దగ్గరుండి కొలిపించాను.

కొలిచే సుంకన్న మొదటి తూము పోసి "లాభం" అన్నాడు. మొదటి తూముకు మన వైపు ఒకటి అనరని, లాభం అంటారని నాకు తెలియక కాదు. కానీ రూలు రూలే.

"అది అంకె కాదు. మళ్లా గోనెలోకి పొయ్."

పోశాడు. మళ్లీ కొలిచాడు. "లాభం."

"ఒకటి అనప్పా!"

"ఈ కరువులో ఒకటంటే ఇంగేమన్నా ఉండాదా సామీ? కొలిచే చెయ్యి పడిపోతాది."

మళ్లీ గోనెలోకి. ఎండ అరుగెక్కింది. కారిన గింజల కోసం వీధిలోని కోళ్లన్నీ మా వాకిట్లోకి వచ్చాయి. నా కళ్లు మూతలు పడుతున్నాయి.

ఉరుకుందమ్మ బయటికొచ్చి నా వాలకం చూసింది. "పాపం, ఆయప్ప అలిసిపోయినాడు. లాభం అనాకు సుంకన్నా, రెండు నుంచి మొదులుపెట్టు. ఏమయ్యా, రెండు అంకేనా?"

"అంకే."

"చెల్లుతాదా?"

"చెల్లుతాది."

రెండు, మూడు, నాలుగు... ఒక్క తప్పుడు మాట లేదు. కళ్లు మూసుకుని హాయిగా విన్నాను. "పది" అనగానే ప్రాణం లేచొచ్చింది. బసవరాజు మిగిలిన గోనెలు బండికెత్తి, ఎన్నడూ లేనంతగా వంగి దండం పెట్టి వెళ్లిపోయాడు.

ఆ దండమే నాకు నచ్చలేదు. వేళ్లు ముడిచి చూసుకున్నాను. రెండు నుంచి పది దాకా తొమ్మిదే!

"ఉరుకుందమ్మా! మొదటి తూము యాడికి పాయె?"

"నువ్వే గదయ్యా గోనెలోకి పోయించింది. ఆ గోనె మా తమ్ముని బండిలో ఉండాది."

"మోసం!"

"యాడ మోసం? చెల్లిన లెక్కలో అంకె కానిది ఒక్కటన్నా నీ చెవిన పడిందా?"

పడలేదు. అదే నా బాధ. బసవరాజు పిల్లలు గుర్తొచ్చి కోపం కూడా సరిగ్గా రాలేదు. ఆకలి మాత్రం వచ్చింది.

"సంగటి పెట్టు" అన్నాను.

"ముద్దలు ఎన్ని?"

"నీకు తోచినన్ని."

"అది అంకె కాదు" అని, చేతిలోని ముద్దను మళ్లీ సట్టిలో వేసేసింది.